సంపు తోడగానే నేలలోంచి పైకి లేచింది: ఎందుకు లేచింది, ఇప్పుడేం చేయాలి

మీరు అడిగింది క్లుప్తంగా: కావలి దగ్గర సముద్రం పక్క ఊరు, ఇసుక నేల. ఇంటి ముందు 5,000 లీటర్ల ప్లాస్టిక్ సంపు పాతారు. తుఫాను వానలకి లోపలికి మురికి నీళ్లు దిగాయని మోటారు పెట్టి మొత్తం తోడేశారు. తెల్లారేసరికి ట్యాంకు అడుగున్నర పైకి లేచి ఓ పక్కకి ఒరిగింది, పైపు విరిగింది. కింద గ్యాస్ చేరి నెట్టిందని మేస్త్రీ అంటున్నాడు. అది నిజమేనా, మళ్లీ దింపడమెలా, ఈసారి సిమెంటు సంపు కట్టిస్తే ఈ బెడద ఉండదా, పైన మట్టి దిట్టంగా పోస్తే చాలదా?

గ్యాస్ కాదండీ. ట్యాంకు చుట్టూ ఇసుకలో నిండిన ఊట నీరే దాన్ని లేపింది. లోపలి నీళ్లు తోడకపోయుంటే అది కదిలేది కాదు. ఇప్పుడు హడావుడి పడి దాన్ని నీళ్లతో నింపి దింపాలని చూడకండి. పైపులు విడదీసి, మూత పెట్టి, ఊట దిగేదాకా వదిలేయండి. సిమెంటు సంపు అయినా మామూలు కొలతలతో కడితే లేస్తుంది. పైన మట్టి పోయడం కొంత పనికొస్తుంది, కానీ మీరనుకున్నంత కాదు.

ముందు లెక్క చూద్దాం. నీళ్లలో ఒక మీటరు లోతుకి దిగితే ప్రతి చదరపు మీటరు మీదా సుమారు ఒక టన్ను ఒత్తిడి ఉంటుంది. రెండు మీటర్లకి రెండు టన్నులు. ఆ ఒత్తిడి కిందికే కాదు, పక్కలకీ పైకీ కూడా అంతే ఉంటుంది. మీ ట్యాంకు వ్యాసం 1.9 మీటర్లు, ఎత్తు 1.8 మీటర్లు అనుకోండి (5,000 లీటర్లకి అటూ ఇటూగా అంతే వస్తుంది). అడుగు వైశాల్యం 2.84 చదరపు మీటర్లు. ఊట ట్యాంకు భుజాల దాకా వచ్చిందంటే అడుగున 2.84 × 1.8, అంటే దాదాపు 5.1 టన్నుల బలం పైకి నెడుతోందన్నమాట. ఊట భుజాలు దాటి పైకొస్తే అడుగు మీదా ఒత్తిడి పెరుగుతుంది, పైభాగం మీదా పెరుగుతుంది. తేడా మాత్రం అదే 5.1 టన్నుల దగ్గర ఆగిపోతుంది. బడిలో చదివిన ఆర్కిమెడీస్ సూత్రం ఇదే: వస్తువు ఎంత నీటిని పక్కకి తోసిందో అంత నీటి బరువు దాన్ని పైకి నెడుతుంది.

ఇక కిందికి లాగే బరువెంత? ఖాళీ ప్లాస్టిక్ ట్యాంకు మహా అయితే రెండు మూడు వందల కిలోలు. 280 కిలోలు అనుకున్నా, ఊట ట్యాంకు అడుగు నుంచి నాలుగు అంగుళాలు పైకొచ్చేసరికే అది తేలడానికి సిద్ధం. అక్కణ్నుంచి దాన్ని పట్టి ఉంచేది పైనున్న మట్టి, పక్కల మట్టి రాపిడి మాత్రమే. నిండుగా ఉన్నంతకాలం లోపలి 5 టన్నుల నీళ్లు దాన్ని అదిమిపెట్టాయి. రాత్రికి రాత్రి ఆ 5 టన్నులు మీరే తీసేశారు.

"ట్యాంకు కింద ఇసుక గట్టిగా అతుక్కుని ఉంటుంది కదా, నీళ్లు కిందికెలా వెళ్తాయి?" అనే అనుమానం చాలామందికి వస్తుంది. ఇసుక రేణువుల మధ్య సందులన్నీ నీళ్లే, ఒత్తిడి ఆ సందుల్లోంచే అడుగుకి చేరుతుంది. నమ్మకం కుదరకపోతే ఒక తొట్టి తీసుకోండి. అడుగున నాలుగు వేళ్ల మందం ఇసుక పరిచి, దాని మీద ఖాళీ పెయింటు బకెట్టు పెట్టి, చుట్టూ సగం ఎత్తు దాకా ఇసుక కూరండి. ఇసుక పక్క నుంచి మెల్లగా నీళ్లు పోయండి. బకెట్టు కింద నీళ్లు కనపడవు. కానీ ఇసుక తడిసి మెరిసే వేళకి బకెట్టు అంచు దగ్గర సన్నటి పగులు వస్తుంది, ఇంకాస్త పోస్తే ఒక్క కుదుపుతో ఒరిగి పైకొస్తుంది. మీ ట్యాంకు నిలువుగా లేవకుండా ఒరగడానికి కారణం కూడా అక్కడే కనిపిస్తుంది: ఒక పక్క రాపిడి ముందు వదులుతుంది. లేచిన పక్క కింద ఏర్పడ్డ ఖాళీలోకి ఇసుక జారి చేరుతుంది. ఇప్పుడు నింపొద్దన్నది అందుకే. ఆ జారిన ఇసుక దిబ్బ మీద 5 టన్నులు కూర్చుంటే ట్యాంకు అడుగు ఒకచోట ఆని, ఒకచోట గాల్లో ఉండి, పగులుతుంది.

మేస్త్రీ చెప్పిన గ్యాస్ సంగతి. ట్యాంకు లోపల గ్యాస్ ఒత్తిడి ఎంత పెరిగినా అది అన్ని వైపులా సమానంగా నెడుతుంది. మూతని ఎంత బలంతో పైకి నెడుతుందో అడుగుని అంత బలంతో కిందికి నెడుతుంది. మూత ఎగిరిపోవచ్చు గానీ ట్యాంకు లేవదు. ట్యాంకు కింద గ్యాస్ పుట్టిందనుకున్నా ఇసుకలో అది నిలవదు, పక్క సందుల్లోంచి బుడగలై పోతుంది. లోపలి ఖాళీలో ఉన్న గాలి మొత్తం బరువు ఆరు కిలోలు (ఘనపు మీటరు గాలి దాదాపు 1.2 కిలోలు). ఆ గాలి ఏమీ లేపదు. నీళ్లుండాల్సిన చోట నీళ్లు లేకుండా చేస్తుంది, అంతే.

తుఫానుకి వాతావరణ పీడనం పడిపోతుంది కదా, అది లేపిందా అని కూడా కొందరంటారు. మామూలుగా 1013 మిల్లీబార్లు ఉండే పీడనం గట్టి తుఫానులో 980కి పడిందనుకోండి. ఆ తగ్గుదల ట్యాంకు లోపలా, నేల మీదా, ఊట నీటి మీదా ఒకేసారి జరుగుతుంది. తేడా లేని చోట బలం పుట్టదు. సముద్రంలో మాత్రం మిల్లీబారుకి దాదాపు ఒక సెంటీమీటరు చొప్పున నీటిమట్టం పెరుగుతుంది. అయితే తీరానికి వచ్చే ఉప్పెనలో పెద్ద వాటా గాలి తోసుకొచ్చే నీళ్లదే.

గ్యాస్ ఒత్తిడి నిజంగా దెబ్బ తీసేది ఇంకో చోట. మూత రబ్బరు వాషరుతో బిగించి, గాలి గొట్టం లేకుండా మోటారుతో నీళ్లు లాగితే? పైన 1,000 లీటర్ల గాలి ఉంది, మీరు 100 లీటర్లు లాగారు. అదే గాలి 1,100 లీటర్లకి పరుచుకోవాలి, కాబట్టి లోపలి పీడనం 9 శాతం పడుతుంది. అంటే బయటి గాలి ప్రతి చదరపు మీటరు మీదా 900 కిలోల పైచిలుకు బరువుతో లోపలికి నొక్కుతుంది. ప్లాస్టిక్ గోడ లొట్టపోతుంది. కొత్త ట్యాంకుకి రెండంగుళాల గాలి గొట్టం పెట్టించి, వరద మట్టానికి పైన కిందికి వంచి, మూతికి దోమల మెష్ కట్టండి.

ఇప్పుడు మట్టి సంగతి. పొడి ఇసుక ఘనపు మీటరుకి 1.6 టన్నులు తూగుతుంది కదా అని చాలామంది ఆ లెక్కే వేస్తారు. నీళ్లలో మునిగిన ఇసుకని కూడా నీళ్లు పైకి నెడతాయి. మునిగాక దాని లెక్కకొచ్చే బరువు 0.9 నుంచి 1 టన్ను. మీ ట్యాంకు మీద అడుగు మందం మట్టి ఉంటే దక్కేది 770 కిలోలు. పైనున్న మట్టితోనే 5 టన్నులని ఆపాలంటే దాదాపు ఆరడుగుల మందం పోయాలి, ఆ బరువుకి ముందు ట్యాంకు నెత్తి కుంగిపోతుంది. కాంక్రీటుదీ అదే కథ: నేల మీద ఘనపు మీటరుకి 2.4 టన్నులు తూగేది నీళ్లలో 1.4 మాత్రమే. కేవలం కాంక్రీటు దిమ్మతో ఆపాలంటే దాదాపు మూడున్నర ఘనపు మీటర్లు పడుతుంది. ఖర్చు దండగ.

తెలివైన పద్ధతి ఏంటంటే ట్యాంకు కింద దానికంటే వెడల్పైన బెడ్డు వేసి, ట్యాంకుని దానికి కట్టేసి, అంచుల మీద మట్టి కూర్చోబెట్టడం. ఎనిమిదిన్నర అడుగుల చదరం (2.6 మీటర్లు), ఆరంగుళాల మందం బెడ్డు చాలు. ట్యాంకు చుట్టూ మిగిలే అంచు దాదాపు 3.9 చదరపు మీటర్లు. దాని మీద 1.8 మీటర్ల ఎత్తు మట్టి, మునిగాక కూడా 6.3 టన్నులు. బెడ్డు నీళ్లలో 1.4 టన్నులు. ట్యాంకు బరువు కలిపితే 8 టన్నులు, ఎదురుగా 5.1. ఒకటిన్నర రెట్లు. ఇంజినీర్లు సాధారణంగా 1.2 రెట్లు తక్కువ కాకుండా చూస్తారు, మీకు ఇంకా చేతిలో ఉంది.

కట్టేటప్పుడు చూసుకోవాల్సినవి: బెడ్డులో 10 ఎంఎం కమ్మీలు ఆరంగుళాలకొకటి చొప్పున రెండు వైపులా జాలీ కట్టాలి. 16 ఎంఎం కమ్మీతో నాలుగు కొక్కేలు వంచి, వాటి కాళ్లు జాలీ కిందికి వెళ్లేలా కట్టాక కాంక్రీటు పోయాలి. జాలీ మీద ఊరికే పెడితే 5 టన్నుల లాగుడికి ఊడొస్తాయి. తీరం నేలలో ఉప్పుంటుంది, కాబట్టి బయటికి కనపడే కొక్కేలకి జింకు పూత ఉన్నవి వాడండి, లేదా ఎపాక్సీ రంగు రెండు పూతలు వేయించండి. కట్టడానికి ఇనుప తీగ వద్దు. తుప్పు పడుతుంది, అంతకుముందే ప్లాస్టిక్‌ని కోస్తుంది. లారీ లోడుకి బిగించే పాలిస్టర్ బెల్టులు రెండు, ట్యాంకు భుజాల మీదుగా. రెండు బెల్టులకి నాలుగు కాళ్లు, ఒక్కో కాలు మీద 1.3 టన్నులు పడుతుంది. కాబట్టి కనీసం రెండున్నర టన్నుల రేటింగు ఉన్నవి తీసుకోండి. బెడ్డుకీ ట్యాంకుకీ మధ్య రెండంగుళాల జల్లించిన ఇసుక పరచాలి. పక్కల పూడ్చేటప్పుడు రాళ్లు, ఇటుక ముక్కలు తగలకూడదు. అడుగు మట్టి పోసి, లోపల అడుగు నీళ్లు నింపి, మళ్లీ అడుగు మట్టి. ఇలా లోపలా బయటా సమానంగా పైకి రావాలి. లేకపోతే పక్కల ఒత్తిడికి గోడ లోపలికి వంగుతుంది. కొనేముందు కంపెనీ పత్రంలో ఊట ఎక్కువున్న నేలలో పాతొచ్చో లేదో చూడండి. పలచటి గోడ ట్యాంకులకి ఒద్దనే రాసి ఉంటుంది. మిద్దె మీద పెట్టే ట్యాంకు తెచ్చి నేలలో పాతేవాళ్లూ ఉన్నారు, దానికి ఏ బెల్టూ అక్కరకు రాదు.

ఇక సిమెంటు సంపు. లోపల 8 × 6 అడుగులు, లోతు 6 అడుగులు, గోడా బెడ్డూ ఆరంగుళాల కాంక్రీటు, పైన ఐదంగుళాల లోపు స్లాబు. మన వైపు ఇళ్లలో కనపడే కొలతే ఇది. బయటి కొలత 2.7 × 2.1 × 2.07 మీటర్లు, అంటే 11.7 ఘనపు మీటర్లు. నీళ్లు నేల దాకా వస్తే పైకి నెట్టేది 11.7 టన్నులు. కమ్మీలతో కలిపి కాంక్రీటు బరువు 9.9 టన్నులు. ఖాళీగా ఉంటే తేలుతుంది. ఊట నేలకి ఒక అడుగు దిగువ దాకా పైకొచ్చిందంటేనే ప్రమాదం మొదలైనట్టు. తొమ్మిదంగుళాల ఇటుక గోడతో కట్టినా తప్పదు: బరువు దాదాపు 11.7 టన్నులకి పెరుగుతుంది, గోడ మందమైనందుకు తోసే నీళ్లు కూడా 13.4 టన్నులకి పెరుగుతాయి.

దీనికి మందు తేలికే. బెడ్డుని గోడల బయటికి నాలుగు పక్కలా అడుగు పొడిగించండి. కమ్మీలు గోడ దగ్గర ఆపకుండా అంచు దాకా వెళ్లాలి, ఆపితే ఆ అంచు విరిగి ఊరికే కింద పడి ఉంటుంది. ఆ అడుగు అంచు మీద కూర్చునే మట్టి మునిగాక కూడా 5.6 టన్నులు ఇస్తుంది, అంచు కాంక్రీటు ఇంకో 0.7. మొత్తం 16 టన్నుల పైన, 11.7కి ఎదురుగా. తవ్వకం కాస్త పెరుగుతుంది, అర ఘనపు మీటరు కాంక్రీటు అదనం. నెల్లూరు తీరం వెంబడి, రొయ్యల గుంటల పక్కన, చెరువు కింద మాగాణికి ఆనుకుని కట్టే ఏ సంపుకైనా ఈ అంచు లేకుండా ఒప్పుకోకండి. గుంటలకి నీళ్లు పెట్టినప్పుడు ఎండాకాలంలోనూ పక్క ఇళ్ల కింద ఊట లేస్తుంది. వాన ఒక్కటే చూసుకుంటే చాలదు.

సిమెంటు సంపుకి అసలు గండం కట్టేటప్పుడే. గోడలు లేచాయి, స్లాబు పడలేదు, చుట్టూ మట్టి పూడ్చలేదు, అక్టోబరు వాన ఒక్కటి దంచింది. అప్పటికి దాని బరువు 8.2 టన్నులే. గోతిలో నాలుగు ముప్పావు అడుగుల నీళ్లు నిలిస్తే పచ్చి గోడలతో సహా తేలుతుంది. ఆకాశం మబ్బు పట్టిందంటే సంపులోకి మీరే నీళ్లు వదలండి. మేస్త్రీ గొణుగుతాడు, తర్వాత తోడుకోవచ్చు. వీలైతే మన ఈశాన్య వానలు మొదలయ్యేలోపే, ఏప్రిల్ మే నెలల్లో ఊట బాగా దిగినప్పుడు ఈ పని పెట్టుకోండి.

"మాది ఒంగోలు వైపు నల్లరేగడి, నీళ్లు ముప్పై అడుగుల కింద, మాకు భయం లేదు" అనేవాళ్లకి ఒక మాట. నల్లరేగడిలో నీళ్లు ఇంకవు. అక్కడ గొయ్యి తవ్వి, సంపు దింపి, పక్కలు ఇసుకతో వదులుగా పూడిస్తే ఆ గొయ్యే తొట్టి అవుతుంది. మిద్దె నీళ్లు దాని పక్కనే పడితే రెండు గంటల వానకి గొయ్యి నిండుతుంది, చుట్టూ ఊరంతా ఎండి ఉన్నా సరే మీ సంపు నీళ్లలో ఉంటుంది. అక్కడ మిద్దె గొట్టాలని సంపుకి దూరంగా తిప్పడం, పైన అడుగు మందం రేగడినే దట్టించి వాలు ఇవ్వడం ముఖ్యం.

తోడాల్సి వచ్చినప్పుడు పాటించాల్సిన సూత్రం ఒక్కటే: లోపలి నీళ్లు బయటి ఊట కంటే కిందికి దిగకూడదు. లోపలా బయటా ఒకే మట్టం ఉంటే నెట్టే బలం సున్నా. పైన చెప్పిన సిమెంటు సంపుకి సొంత బరువుంది కాబట్టి ఊట నేల దాకా ఉన్నా లోపల మూడున్నర అడుగులు ఉంచితే చాలు. ప్లాస్టిక్ ట్యాంకుకి ఆ వెసులుబాటు లేదు, బెల్టులు వేస్తే తప్ప.

బయటి మట్టం తెలియాలి కదా. సంపు పక్కన అడుగు దూరంలో, దాని అడుగు కంటే ఇంకో అడుగు లోతుకి నాలుగంగుళాల పీవీసీ గొట్టం దింపండి. కింది సగానికి సన్న బెజ్జాలు పెట్టి, మెష్ చుట్టి, చుట్టూ సన్న కంకర పోయాలి. పైన మూత. తోడే ముందు అందులో కర్ర దింపి తడి ఎంత ఎత్తుందో చూస్తే అయిపోయింది. శుభ్రం చేయక తప్పని పరిస్థితి వస్తే, ఈ గొట్టంలోంచి చిన్న మోటారుతో ఊటని దించుతూ లోపల తోడుకోవచ్చు. కానీ సముద్రం పక్క ఇసుకలో ఊట ఎంత లాగితే అంత వస్తుంది, అర హెచ్‌పీ మోటారుకి దిగకపోవచ్చు. గొట్టంలోంచి నీళ్లతోపాటు ఇసుక వస్తుంటే వెంటనే ఆపండి. ఆ ఇసుక మీ ఇంటి పునాది పక్కనుంచి వస్తోంది.

మీకు ఇప్పుడైతే ఇదీ క్రమం. మోటారు కనెక్షను తీసేయండి. ట్యాంకు చుట్టూ పిల్లలు తిరగకుండా కంప కట్టండి, నేల డొల్లగా ఉంటుంది. సంక్రాంతి దాటాక గొట్టంలోనో పక్క బావిలోనో ఊట చూస్తూ ఉండండి. ట్యాంకు అడుగు కంటే కిందికి దిగాక పూర్తిగా తవ్వి బయటికి తీయండి. నీళ్లు నింపి ఒక రోజు నేల మీద ఉంచి పగుళ్లు చూసుకోండి. అడుగు అంచుల్లో తెల్లటి గీతలు కనపడితే ఆ ట్యాంకు మళ్లీ పాతడానికి పనికిరాదు, మొక్కలకి నీళ్లు పట్టుకోవడానికి వాడుకోండి.

సెప్టిక్ ట్యాంకుకి కూడా ఈ లెక్కంతా వర్తిస్తుంది. వానల్లో పొంగుతోందని లారీని పిలిచి అడుగంటా లాగించడం తీరం ఊళ్లలో మామూలైపోయింది. రింగులు పేర్చిన ట్యాంకు అయితే ఊట సందుల్లోంచి లోపలికి వచ్చేస్తుంది కాబట్టి లేవదు. అడుగు మూసిన ప్లాస్టిక్, ఫైబర్ ట్యాంకులు లేస్తాయి. లారీ వాళ్లని సగం దాకానే, అదీ బయటి ఊట మట్టం కంటే కిందికి దిగకుండా లాగమనండి, వాళ్లు గొట్టం తీసీ తీయగానే బోరు నీళ్లు వదిలి నింపండి. లేచిందా లేదా చూడ్డానికి మాత్రం ఎవరూ లోపలికి దిగొద్దు, తల కూడా పెట్టొద్దు. అక్కడి హైడ్రోజన్ సల్ఫైడ్ గాలి కంటే బరువు, అడుగునే పేరుకుంటుంది. ఎక్కువగా ఉంటే ముక్కుకి వాసన కూడా తెలియదు. మూత తీసిన కాసేపటికి అంతా పోయిందనుకుని దిగితే ప్రాణాలకే ముప్పు.